పసిబిడ్డను పొద్దుటూరు డాక్టరుకు చూపించే విధానం

రాజుపాలెం చుట్టుపక్కల ఏ ఊళ్లో బిడ్డ పుట్టినా పొద్దుటూరులో డాక్టరుకు చూపించడం తప్పదు. తప్పనప్పుడు పద్ధతిగానైనా చేయాలి. ఇది తెలియని ఈ కాలపు తల్లిదండ్రులు కొందరు బిడ్డను ఎత్తుకుని, సంచిలో ఒక కార్డు వేసుకుని, ఆటో ఎక్కి పోయి, చూపించుకుని, మధ్యాహ్నం బువ్వ వేళకు ఇల్లు చేరుతున్నారు. అందులో పెద్దల ప్రమేయం ఎక్కడుంది? నలుగురు కూర్చుని చెప్పుకోవడానికి ఏం మిగిలింది? అలాంటి ఇళ్లలోని పెద్దల కోసం ఈ నాలుగు సలహాలు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. బిడ్డ గురించి డాక్టరు అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరే ఉంటారు, బిడ్డ తల్లి. ఎన్నిసార్లు పాలు తాగింది, ఎన్ని గుడ్డలు తడిపింది, తెల్లవారుజామున ఎందుకు ఉలిక్కిపడింది, అన్నీ ఆమెకే తెలుసు. కాబట్టి ఆమె నోరు తెరవకుండా చూసుకోవడమే మన ఏర్పాట్లన్నిటి సారం. మిగిలినవన్నీ దీనికి అనుబంధాలు.

ఎప్పుడు పోవాలన్నది మొదటి అనుబంధం. మామూలు కాన్పయినా 48 గంటలు ఆసుపత్రిలో ఉండాలని సర్కారు నియమం. తల్లికి పాలు పడుతున్నాయా, బిడ్డ పట్టి తాగుతోందా, ఒళ్లు పచ్చబడుతోందా అని ఆ రెండు రోజులూ చూస్తారట. కళ్లంలో శనగలున్నాయనో, బర్రె కొత్తవాళ్లకు పాలివ్వదనో చెప్పి మరుసటి మధ్యాహ్నానికే డిశ్చార్జి రాయించుకోవాలి. "రెండు మూడు రోజుల్లో ఒకసారి తెచ్చి చూపించండి" అని అక్కడి నర్సమ్మ చెప్పే మాటకు తలూపి ఆసుపత్రి మెట్ల మీదే మరిచిపోవాలి. 21వ రోజు తొట్లెలో వేసి పేరు పెట్టకముందే బిడ్డ ఊరి పొలిమేర దాటితే నలుగురూ ఏమనుకుంటారు?

21 దాటాక కూడా తొందరపడొద్దు. మంగళవారం పనికిరాదు. అమావాస్యా, దానికి ముందూ వెనకా ఒక్కో రోజు పనికిరావు. టీకాలకైతే మన రాష్ట్రంలో బుధవారం, శనివారం పెట్టారు. బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా, శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా. యమగండం, వర్జ్యం, దుర్ముహూర్తం కూడా తీసేస్తే నర్సమ్మ ఐసు పెట్టె సర్దుకునే వేళ ఒక్కటే శుభంగా మిగులుతుంది. సరిగ్గా అప్పుడే పోవాలి. బీసీజీ మందు ఒకసారి కలిపితే నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి అని ఆమె ఏదో చెప్పబోతుంది. వినకుండా "ఎప్పుడొచ్చినా మీరు ఉండరు" అని గట్టిగా అరవాలి. అరిచి వచ్చిన వాళ్ల మాటే ఊళ్లో నెగ్గుతుంది.

పంచాంగం చూడనిది ఒక్క కామెర్లే. చాలామంది పసిబిడ్డలకు రెండో మూడో రోజున మొదలై, నాలుగైదు రోజులకు ఎక్కువై, ఆపైన వాటంతటవే తగ్గుతాయి. డాక్టర్లు ఊరుకోరు. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, పచ్చదనం అరిచేతులకూ అరికాళ్లకూ దిగినా ఒక్క పూట ఆగొద్దంటారు. హద్దు మీరితే అది మెదడుకెక్కి వినికిడి పోతుందనీ, కాళ్లూ చేతులూ స్వాధీనంలో ఉండవనీ అంటారు. దీనికి మన దగ్గర ఎండ ఉంది. ఎండ సంగతి దొరలకు కూడా తెలుసు. 1950లలో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో వార్డ్ అనే నర్సు నెలలు నిండని పిల్లలను బయట ఎండలో తిప్పేది. ఒక బిడ్డకు గుడ్డ కప్పిన చోట పచ్చదనం అలాగే ఉండి మిగతా ఒళ్లు తేటపడడం ఆమె చూపించింది. ఆ ముక్క పట్టుకుని క్రెమర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు దీపాల తొట్టి ఒకటి తయారుచేసి 1958లో లోకానికి చెప్పారు. ఇవాళ పిల్లలను నీలం లైట్ల కింద పడుకోబెట్టడానికి మూలం అదే. ఈ కథలో మనకు మొదటి సగం చాలు. వాళ్లు ఎండను వదిలి లైట్ల దాకా ఎందుకు పోయారని అడగొద్దు. రక్తం తీసి, ఎంత ఉందో కొలిచి, దాన్నిబట్టి ఎన్ని గంటలు లైటు కింద ఉంచాలో తేల్చే పని ఎండ చేయదని చెబుతారు. మనం మాత్రం వైశాఖ మాసంలో, నలభై డిగ్రీల కడప ఎండలో, మిద్దె మీద చాప పరిచి బిడ్డను ఆరబెట్టాలి.

ఈ మధ్యలో ఆశా వర్కరు వస్తుంది. ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూడడం ఆమె డ్యూటీ. తూకం తెస్తుంది, థర్మామీటరు తెస్తుంది, బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటోందో గడియారం పెట్టి లెక్కపెడుతుంది. అరవై, ఆపైన ఉంటే ఆసుపత్రికి పదమంటుంది. మహారాష్ట్రలో గడ్చిరోలి పల్లెల్లో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే ఈ పని నేర్పి, నెలలోపు పిల్లల చావులను సగానికి పైగా తగ్గించినట్టు 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. 2011లో ఆ పద్ధతిని దేశమంతటా ఆశాలకు అప్పగించారు. అయితే ఏం? మన ఊరి పిల్లే కదా, మన కళ్ల ముందు లంగా ఓణీ వేసుకున్న పిల్ల. వాకిట్లో కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, "బిడ్డ ఇప్పుడే నిద్రపోయిందమ్మే" అని పంపించేయాలి. ఆరుసార్లు వస్తే ఆరుసార్లూ నిద్రపోవాలి.

ప్రయాణం ఖాయమయ్యాక సంచి సర్దడం. ఫ్లాస్కు, వేడినీళ్లు, ఆరు జతల బట్టలు, తినడానికి బొరుగులు, పెద్దాయనకు బీపీ మాత్రలు, అన్నీ పెట్టండి. తల్లీబిడ్డల కార్డు మాత్రం పెట్టొద్దు. బిడ్డ ఎంత బరువుతో పుట్టింది, ఎన్ని నెలలకు పుట్టింది, పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి వేశారా, విటమిన్-కె సూది పడిందా, తల్లి రక్తం గ్రూపేమిటి, అన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి అది విలువైన కాగితం. విలువైన కాగితం ఉండాల్సిన చోటు పొలం పాసుపుస్తకాల పక్కన, పెట్టెలో. తాళంచెవి తాత మొలతాడుకు ఉండాలి. తాత మొలతాడుతో సహా ఆ రోజు జమ్మలమడుగు పెళ్లికి పోయి ఉండాలి.

కార్డు లేకపోతే ఎంత సౌకర్యమో చూడండి. పుట్టినాక మొదటి కొన్ని రోజులు బిడ్డ కొంచెం తగ్గుతుంది, పదో వంతు వరకు తగ్గినా మళ్లీ పది పద్నాలుగు రోజుల్లో పుట్టినప్పటి బరువుకు రావాలి అని డాక్టరు లెక్క. అప్పుడెంతో తెలియకపోతే ఇప్పుడెంతో తేల్చుకుని ఏం చేసుకుంటాడు? "మూడు కేజీలు, మూడున్నర దాకా ఉండె సార్" అని పెద్దవాళ్లు ఒక అంకె చెబితే సరిపోతుంది. తూకంలో పెట్టేటప్పుడు స్వెట్టరు, టోపీ, కాలి కడియాలు, మురుగులు, వెండి మొలతాడు, వసపూసలు తీయనివ్వకండి. పొద్దుటూరు లాంటి బంగారపు ఊళ్లోకి బిడ్డను బోసిగా తీసుకుపోతామా? పైగా బరువు బాగా కనబడుతుంది. ఎండాకాలమైనా ఉన్ని స్వెట్టరు తప్పనిసరి. బిడ్డ ఒళ్లు కాలుతుంటే, బట్టలవల్లో జ్వరంవల్లో తెలియక డాక్టరు కాసేపు తికమక పడాలి.

ఆ పొద్దున్నే స్నానం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రతిభంతా ఇక్కడే కనబడుతుంది. నలుగు పెట్టి, కాళ్ల మీద బోర్లా వేసుకుని చెంబులకొద్దీ నీళ్లు పోసి, చివర్లో పసుపు పట్టించండి. నుదురు, ఛాతీ, పొట్ట, అరిచేతులు, అరికాళ్లు ఏదీ వదలొద్దు. డాక్టరు వేలితో చర్మం నొక్కి కింద ఏ రంగుందో చూసే మనిషి. ఆయన ఎక్కడ నొక్కినా పచ్చగానే ఉండాలి. కామెర్లో కొమ్ముపసుపో తేల్చుకోలేక ఆయన కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూస్తాడు, దూది తడిపి తుడుస్తాడు, చివరికి కనుగుడ్డు తెల్లదనం చూద్దామనుకుంటాడు. అక్కడ మనం ముందే ఇంత మందాన కాటుక పెట్టి ఉంచుతాం. కాటుకలో సీసం ఉండొచ్చనీ, కంటికి పుసులు పట్టిస్తుందనీ ఆయన అంటే, దిష్టి మాటేమిటని ఎదురడగాలి.

స్నానం అయ్యాక సాంబ్రాణి పొగ. గది తలుపు వేసి, బిడ్డను బుట్ట మీద బోర్లా పట్టి, బిడ్డ దగ్గేదాకా వేయాలి. ముక్కులో చెవిలో తలా ఒక చుక్క నూనె. బొడ్డు ఇంకా ఊడకపోతే దాని మీద విబూది గానీ, ఆముదంలో కాల్చిన గుడ్డ బూడిద గానీ. ఆసుపత్రివాళ్లు "ఏమీ పూయొద్దు, పొడిగా వదిలేయండి, అదే ఊడుతుంది" అని సలహా ఇస్తారు. ఏమీ చేయకపోవడం కూడా ఒక సలహానా?

ఇంటి మందుల సంగతికొస్తే, ఇక్కడ మనకు సాటి లేదు. పుట్టగానే వచ్చే ముర్రుపాలు చిక్కగా, పచ్చగా ఉంటాయి కాబట్టి పిండి పారేసి, ఆ ఖాళీలో తేనె నాకించి ఉంటాం. తేనెలో ఉండే ఒక సూక్ష్మజీవి ఏడాది నిండని పిల్లల పేగుల్లో మొలిచి కండరాలను పడగొడుతుందని 1976లో అమెరికాలో కనిపెట్టారు. అది అమెరికా తేనె అయ్యుంటుంది. కడుపు కడగడానికి ఆముదం పోస్తాం. కాస్త పొరమారితే ఊపిరితిత్తుల్లోకి పోతుందంటారు కానీ, మనందరం తాగి పెరగలేదా? పెరగనివాళ్లు వచ్చి ఎదురు చెప్పరు కాబట్టి ఈ వాదానికి తిరుగులేదు. మాట స్పష్టంగా రావడానికి వసకొమ్ము అరగదీసి పెడతాం. వాంతి చేసుకుంటే కఫం పడిపోయిందని సంతోషిస్తాం.

ఆధునికత కావాలంటే గ్రైప్ వాటరు ఉంది. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో వుడ్‌వర్డ్ అనే మందులాయన తయారుచేసినప్పుడు అందులో సోపు జాతి నూనె, సోడా, చక్కెరతోపాటు కాస్త సారాయి కూడా ఉండేది. తర్వాత తీసేశారు. పిల్లలు అప్పట్లో అంత హాయిగా ఎందుకు నిద్రపోయేవాళ్లో ఈ సంగతితో తేలిపోయింది. మావైపు కొందరు తాతలకు ఆ సీసా మీద గౌరవం ఇప్పుడే పెరిగింది.

జలుబు చేస్తే పక్కింటి మూడేళ్ల పిల్లోడికి రాసిన సిరప్పు మిగిలి ఉంటుంది. వృథా చేయొద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిపిన జలుబు మందులు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని సీసాల మీద అచ్చు వేయమని 2023 డిసెంబరులో కేంద్రం ఆదేశించింది. ఆ అక్షరాలు చిన్నవిగా ఉంటాయి. మన కళ్లద్దాలు ఇంట్లో ఉంటాయి. జ్వరం మందులో మాత్రం కాస్త లెక్కలు రావాలి. పారాసిటమాల్ సిరప్పు మీద 125 అని ఉంటుంది, చుక్కల సీసా మీద 100 అని. 125 పెద్దది, 100 చిన్నది, కనుక చిన్నబిడ్డకు చుక్కల మందే చెంచాతో పోయాలి అని మన లెక్క. సిరప్పులో ఆ 125 మిల్లీగ్రాములు అయిదు మిల్లీలీటర్లకనీ, చుక్కల్లో ఆ 100 ఒక్క మిల్లీలీటరుకేననీ, అంటే చుక్కల మందే నాలుగింతలు ఘాటనీ మందుల అంగట్లో కుర్రోడు చెప్పబోతే, "మీ నాయన నాకు తెలుసులే" అని వచ్చేయాలి. నెలలోపు బిడ్డకు జ్వరమంటే ఇంట్లో మందు పోసి చూసే జబ్బు కాదు, వెంటనే ఆసుపత్రిలో చూపించాల్సిన జబ్బు అన్న ముక్క ఆ కుర్రోడికి కూడా తెలుసు. అందుకే అక్కడ ఎక్కువసేపు నిలబడకూడదు.

ఇవేవీ డాక్టరుకు చెప్పొద్దు. "ఇంట్లో ఏమైనా పట్టించారా?" అని అడిగితే అందరూ ఒకే గొంతుతో "ఏమీ లేదు సార్, తల్లిపాలే" అనాలి. ఈ ఒక్క సందర్భంలో మాత్రం తల్లిచేత కూడా అనిపించవచ్చు.

బండి విషయం క్లుప్తంగా ముగిస్తాను. తల్లినీ బిడ్డనూ ఇంటికి దించడానికి 102 బండి, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. జబ్బు చేసిన పసిబిడ్డకు సర్కారు ఆసుపత్రిలో వైద్యం, మందులు, రానుపోను బండి ఉచితమని 2011లో పథకం పెట్టారు. ఉచితంగా పోతే బంధువులకు బండిలో చోటుండదు. కాబట్టి సుమో మాట్లాడండి. ముందు సీట్లో పెద్దనాయన. మధ్యలో జేజి, అమ్మమ్మ, మేనత్త. బిడ్డ ఎవరి ఒళ్లో ఉండాలన్నది అత్తింటికీ పుట్టింటికీ మధ్య ఊరి బస్టాండు దగ్గర తేలకపోతే దారిలో తేలుతుంది. తల్లి వెనక సీట్లో, బియ్యం మూట పక్కన. కుట్లు ఇంకా మానలేదంటే దిండు ఇవ్వండి. దారి కాకపోయినా వెల్లాల సంజీవరాయుడికి ఒక కొబ్బరికాయ కొట్టుకుని పోవాలి. సంజీవని కోసం పరుగెత్తినాయన స్థలంలో మనం మాత్రం నిదానంగా ఉండాలి.

హాల్లో కూర్చునేటప్పుడు దగ్గుతున్న పిల్లలెక్కడున్నారో చూసుకుని వాళ్ల పక్కన కూర్చోండి, కబుర్లకు మనుషులు దొరుకుతారు. బిడ్డను చేతులు మార్చండి. చేతులు కడుక్కోకుండా బుగ్గలు పుణకడం, మూతి మీద ముద్దు పెట్టడం మన ఆప్యాయత. "పాలు చాలడం లేదేమో, మా మనవరాలికి డబ్బా పాలు పోస్తే బొద్దుగా అయింది" అని చెప్పే పెద్దమ్మ ఒకరు తప్పకుండా తగులుతుంది. పిల్లల డబ్బా పాలకు ప్రచారం చేయకూడదని 1992లో చట్టం తెచ్చారు. కంపెనీలకు తెచ్చారు గానీ ఈ పెద్దమ్మకు అది వర్తించదు. డబ్బా పేరు రాసుకోండి. తల్లి పక్కన కూర్చుని వింటూ ఉంటుంది కాబట్టి, తన పాలు చాలవేమోనన్న దిగులు ఆమెకు అక్కడే మొదలవుతుంది. దిగులు పడే తల్లి ఎక్కువ మాట్లాడదు.

ఇక లోపలికి. ఎందరిని రానిస్తే అందరూ పోవాలి. డాక్టరుకు ఎదురు కుర్చీలో జేజి కూర్చోవాలి. తల్లి తలుపు దగ్గర నిలబడాలి.

"పాలు రోజుకు ఎన్నిసార్లు తాగుతాందమ్మా?" అంటాడు డాక్టరు, తల్లిని చూస్తూ.

"తాగుతానే ఉంటాది సార్" అనాలి జేజి. "మావాడు ఈ ఈడులో శేరు పాలు తాగేవాడు." మావాడంటే పక్కన ఫోన్లో వీడియో తీస్తున్న బిడ్డ తండ్రి.

"దినానికి ఎన్ని గుడ్డలు తడుపుతాది?"

"గుడ్డలకేం తక్కువ సార్, పెట్టెడు ఉండాయి" అనాలి పెద్దనాయన.

"దొడ్డికి ఏ రంగులో పోతాంది?"

"బంగారం మాదిరి" అనాలి మేనత్త, ఆమె నిన్న సాయంత్రమే కర్నూలు నుంచి వచ్చినా సరే.

"నువ్వు చెప్పమ్మా" అని ఆయన తలుపు వైపు తిరుగుతాడు. జాగ్రత్తగా ఉండాల్సిన ఘట్టం ఇదే. ఆమె నోరు విప్పేలోపు అమ్మమ్మ అందుకోవాలి. "దానికేం తెలుసు సార్, చిన్నపిల్ల, మొదటి కాన్పు. నువ్వు ఉండమ్మే."

ఆయన అడిగినవన్నీ పనిలేక అడిగినవి కావు. 24 గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగి, మొదటి వారం దాటాక ఆరు గుడ్డలకు తక్కువ కాకుండా తడిపితే, పాలు చాలుతున్నాయని అర్థం. డబ్బా పాల పెద్దమ్మతో అవసరమే లేదు. మొదట్లో నల్లగా, జిగటగా పోయేది పచ్చగా మారాలి. సున్నం మాదిరి తెల్లగా వస్తుంటే కాలేయపు నాళాలు మూసుకుపోయాయేమో వారాల్లో తేల్చి కోత కోయాలి, నెలలు గడిస్తే చేయిదాటిపోతుంది. నాలుగు రోజులుగా తెల్లగా వస్తోందన్న సంగతి ఆ గదిలో ఒక్క మనిషికి తెలుసు. ఆ మనిషి తలుపు దగ్గర నిలబడి ఉంది. మన ఏర్పాటు అంత పకడ్బందీగా ఉండాలి.

బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి ఆయన గుండె వింటాడు. గది నిశ్శబ్దంగా ఉండాలంటాడు. సరిగ్గా అప్పుడు పెద్దనాయన ఫోను మోగాలి. తొడలు విప్పి తుంటి కీళ్లు చూస్తాడు, బిడ్డ ఏడుస్తుంది, జేజి లాక్కోవాలి. మాడు మీద వేలు పెట్టి ఉబ్బిందా, లోతుకు పోయిందా చూస్తాడు. అక్కడ మనం ఇంత ఆముదం అద్ది ఆకు అతికించి ఉంచుతాం.

మగబిడ్డకైనా ఆడబిడ్డకైనా రొమ్ములు కాస్త ఉబ్బి పాలచుక్క కనబడుతుంది. ఆడబిడ్డకు ఒకట్రెండు రోజులు గుడ్డ మీద నెత్తురు మరక కూడా ఉండొచ్చు. తల్లి ఒంట్లోని హార్మోన్ల ప్రభావం, వాటంతటవే పోతాయి అని చెబుతారు. పిండకపోతే పెద్దయ్యాక గడ్డలు కడతాయని మనకు తెలుసు. పిండితే చీము పడుతుందని వాళ్లకు తెలుసు. వాళ్లకు తెలియకుండా ఇంట్లో పిండుకోవడం మర్యాద.

డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు మనం ముందే తయారుచేసుకోవాలి. రంగు వస్తాదా సార్? చెవి కొసలు నల్లగా ఉండాయి, ఏమైనా పూయొచ్చా? ముక్కు కాస్త చప్పిడిగా ఉంది, దినామూ లాగితే నిలబడుతుందా? నాయన పోలికా, మేనమామ పోలికా? ఈ నాలుగింటితో మన వేళ అయిపోతుంది. రాత్రిపూట ఏమైనా తేడా కనబడితే ఎక్కడికి రావాలి, ఏ గుర్తులు చూసి రావాలి అని తల్లి అడగాలనుకుంటుంది. బయట ఇంకా జనం ఉన్నారని గుర్తుచేయండి.

ఆయన వదలకుండా తల్లినే చూసి "నువ్వు నిద్రపోతాండావా? ఊరకే ఏడుపొస్తాందా?" అని అడిగినా అడుగుతాడు. పిల్లల డాక్టరుకు ఈ పెద్దమనిషి సంగతెందుకు? బాలింతకు నీళ్లు కొలిచి ఇస్తున్నాం, కారం లేని కూడు పెడుతున్నాం, గాలి తగలకుండా చెవులకు గుడ్డ కట్టాం. అయినా ఏడుస్తోందంటే దిష్టే. సాయంత్రం ఎండుమిరపకాయలు తిప్పి పడేద్దాం అని అక్కడే తీర్మానించి లేవాలి.

రాసిచ్చిన చీటీలో విటమిన్-డి చుక్కలు ఉంటాయి, దినానికి 400 యూనిట్లు. ఎండ ఇంత ఉండగా చుక్కలెందుకని అంగడి మెట్లు ఎక్కకుండానే తేల్చుకుని, ఆ డబ్బుతో గాంధీరోడ్డులో కారందోసెలు తినండి. బీసీజీ వేసిన ఎడమ భుజం మీద కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి, చితికి, మచ్చ పడుతుంది. అది టీకా పని చేస్తున్న గుర్తు, ఏమీ రాయొద్దు అని చెప్పి పంపుతారు. పసరు రాయండి. ఆరు వారాలకు మళ్లీ పెంటావాలెంట్, పోలియో, రోటా, న్యుమోనియా టీకాలుంటాయి. విరేచనాలు ఆపే రోటా టీకా 2016లో దేశంలో ముందుగా మొదలైన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. ముందుగా మొదలైంది కాబట్టి మనం ఆలస్యంగా పోయినా సరిపోతుంది.

ఆఖరి సలహా రాత్రివేళకు సంబంధించింది. బిడ్డ పాలు పట్టడం మానేసింది, లేపితే లేవడం లేదు, ఛాతీ కింద పక్కలు లోపలికి గుంజుకుంటున్నాయి, ఒళ్లు చల్లబడింది అనుకోండి. మొదట జేజిని లేపాలి. ఆమె పక్కింటి పెద్దమ్మను లేపుతుంది. దిష్టి తీసి, తాయెత్తు వెతికి, ఊళ్లో సూదేసే ఆయనకు మనిషిని పంపి, పొద్దున దాకా చూద్దామా, ఇప్పుడే బండి మాట్లాడదామా, మాట్లాడితే డబ్బు ఎవరు పెట్టాలి అని వసారాలో కూర్చుని తీరిగ్గా మాట్లాడుకోవాలి. ఇదంతా సాగాలంటే బాలింత చేతికి ఫోను దొరకనివ్వకూడదు. 108 బండ్లు 2005 ఆగస్టు 15 నుంచి తిరుగుతున్నాయి, ఆ మూడంకెలు ఆమెకు నోటికొచ్చు. మనం బిడ్డ నిద్రపోయిందని ఆశా పిల్లను వాకిట్లోంచే పంపేసిన రోజుల్లో, ఆ ఇద్దరూ పెరటి గోడ దగ్గర ఏం మాట్లాడుకున్నారో మనకు తెలియదు. ఆమె గానీ నొక్కిందంటే బండి మన తీర్మానం కాకముందే వాకిట్లో నిలబడుతుంది. బిడ్డను ఒంటికి ఆనించుకుని, చీరకొంగు కప్పుకుని, ఆమే ఎక్కి కూర్చుంటుంది. తాత పెట్టె తాళం ఎప్పుడు తీసిందో, కార్డు ఆమె చేతిలోనే ఉంటుంది. తోడు ఒక్కరు చాలంటారు, ఎక్కేది మొగుడు. అక్కడ రాత్రి డ్యూటీ డాక్టరు ఎన్నిసార్లు తాగింది, ఎప్పటినుంచి మానేసింది, ఎన్ని తడిపింది, ఏం పట్టించారు అని అడుగుతూ పోతాడు, ఆమె ఒక్కొక్కటే చెబుతూ పోతుంది. తేనె, ఆముదం, చుక్కల మందు, అన్నీ చెప్పేస్తుంది.